సెకను తిరిగి ఆగిపోయే కార్డ్‌లెస్ డ్రిల్: మోటారు మార్చే ముందు చూడాల్సినవి

ప్రశ్న: రెండేళ్ల క్రితం కొన్న 21 వోల్టుల కార్డ్‌లెస్ డ్రిల్. ట్రిగ్గర్ నొక్కితే ఒక సెకను తిరిగి ఆగిపోతోంది. వదిలి నొక్కితే మళ్లీ అంతే. ఛార్జింగ్ పెడితే ఐదు నిమిషాలకే పచ్చ లైటు వచ్చేస్తోంది. రిపేరు షాపులో మోటారు పోయింది, మార్చాలి అన్నారు. మల్టీమీటరు, సోల్డరింగ్ ఐరన్ నా దగ్గర ఉన్నాయి. ఇంట్లో చూసుకోగలనా?

జవాబు:

చూసుకోవచ్చండీ. మోటారు మాట మాత్రం ఇప్పుడే నమ్మకండి. మోటారు చెడిపోయిన సంగతి ఛార్జర్‌కి ఎలా తెలుస్తుంది? అక్కడ ఐదు నిమిషాలకే పచ్చ లైటు, ఇక్కడ సెకనుకే ఆగిపోవడం. ఈ రెండు చోట్లా ఉన్న వస్తువు ఒక్కటే, బ్యాటరీ ప్యాక్. మీరు చెప్పిన రెండు లక్షణాలూ కలిసి వస్తే ముందు అనుమానించాల్సింది దాన్నే.

లోపల జరిగేది ఇది. మీ ప్యాక్‌లో 18650 సైజు లిథియం సెల్స్ ఐదు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపి ఉంటాయి (18 ఎంఎం లావు, 65 ఎంఎం పొడవు, పేరు అందుకే అలా). ఒక్కో సెల్ మామూలుగా 3.6 వోల్టులు, నిండా ఎక్కితే 4.2. ఐదు 3.6లు 18, ఐదు 4.2లు 21. అందుకే అదే ప్యాక్‌ని ఒక కంపెనీ 18 అంటుంది, ఇంకో కంపెనీ 20 మ్యాక్స్ అంటుంది, మరొకరు 21 అంటారు. ఆన్‌లైన్‌లో 48, 88 అని పెద్ద అక్షరాలతో స్టిక్కర్లు వేసి అమ్మేవి కూడా చాలావరకు విప్పి చూస్తే ఇవే ఐదు సెల్స్. ఆ అంకెలు అలంకారం.

ఈ ఐదు సెల్స్ మీదా బీఎంఎస్ అనే చిన్న బోర్డు కూర్చుని ఒక్కో సెల్‌నీ విడిగా గమనిస్తుంటుంది. ఏ ఒక్క సెల్ 4.25 దగ్గరికి వెళ్లినా ఛార్జింగ్ ఆపేస్తుంది. ఏ ఒక్కటి సుమారు 2.5 నుంచి 2.8కి పడినా బయటికి కరెంటు ఆపేస్తుంది. ఇప్పుడు ఐదింటిలో ఒకటి అలిసిపోయింది అనుకోండి. దాని లోపలి నిరోధం పెరుగుతుంది. ఛార్జింగ్ కరెంటు ఎక్కుతుంటే ఆ సెల్ వోల్టేజీ మిగతావాటికంటే ముందే పైకి ఎగబాకుతుంది, బోర్డు కట్ చేస్తుంది, ఛార్జర్‌లో పచ్చ లైటు. మోటారు కరెంటు లాగగానే అదే సెల్ మిగతావాటికంటే ముందే కిందపడుతుంది, బోర్డు మళ్లీ కట్. ట్రిగ్గర్ వదిలితే సెల్ కాస్త తేరుకుంటుంది కాబట్టి ఇంకో సెకను తిరుగుతుంది. ఒక్క సెల్‌తో ఇంత గొడవ. మిగతా నాలుగూ నిక్షేపంగా ఉండొచ్చు.

స్క్రూడ్రైవర్ పట్టే ముందు రెండు చూడండి. ప్యాక్ ఊడదీసి రేకు కాంటాక్టులు చూడండి. నల్లబడి, వెలుతురులో నీలం మచ్చలు కనిపిస్తే అక్కడ వేడి పుట్టిందని అర్థం. దూదిపుల్లని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి తుడవండి. పోకపోతే పెన్సిల్ రబ్బరుతో రుద్దండి. డ్రిల్ వైపు రేకులు వెడల్పయిపోయి ఉంటే సన్న ముక్కు ప్లయర్‌తో కొంచెం దగ్గరికి నొక్కండి. ఈ పని చేసేటప్పుడు ప్యాక్ దూరంగా ఉండాలి. రెండోది, ఫార్వర్డ్-రివర్స్ మీట నడిమధ్యలో ఉంటే ట్రిగ్గర్ లాక్ అవుతుంది. మీ డ్రిల్ తిరుగుతోంది కాబట్టి మీకు ఇది కాదు, కానీ 'డ్రిల్ అసలు నొక్కుకోవట్లేదు' అని షాపుకి తెచ్చేవాళ్లలో కొందరి రిపేరు ఈ మీటని పక్కకి జరపడమే.

తర్వాత కొలత. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. ప్యాక్ బయట పెట్టి మీటర్ పెడితే 20 చూపిస్తుంది, 'బ్యాటరీ బాగుంది, మోటారే పోయింది' అని తేల్చేస్తారు. లోడ్ లేకుండా కొలిచిన వోల్టేజీ ఏమీ చెప్పదు. ట్రిగ్గర్ నొక్కి ఉంచి కొలవాలి.

అందుకు డ్రిల్ బాడీ విప్పాలి. ప్యాక్ తీసేసి, స్క్రూలు విప్పండి. ఎనిమిది తొమ్మిది ఉంటాయి, చాలావాటిలో టీ10 స్టార్ బిట్ పడుతుంది. గేరు బాక్స్ దగ్గర స్క్రూలు కొన్నిట్లో పొడవు తేడాగా ఉంటాయి. ఒక అట్టముక్క మీద డ్రిల్ బొమ్మ గీసుకుని ఏ స్క్రూ ఏ చోటిదో అక్కడే గుచ్చి పెట్టుకోండి. స్టిక్కరు కింద ఒక స్క్రూ దాగి ఉండొచ్చు, అది మరిచి బలంగా లాగితే ప్లాస్టిక్ విరుగుతుంది. స్క్రూ తలలు కనిపించే సగం పైకి లేపి తీయండి, మోటారు, గేరు బాక్స్, స్విచ్ అన్నీ కింది సగంలోనే కూర్చుని ఉండాలి. వెంటనే ఒక ఫోటో తీసుకోండి, ఎర్ర వైరు ఎక్కడ, నల్లది ఎక్కడ, ఎల్‌ఈడీ వైరు ఏ గాడిలో నడుస్తోంది అన్నీ కనిపించేలా.

ఇప్పుడు ప్యాక్ తగిలించి, బిట్‌ని పట్టుకునే చక్‌లో ఏమీ లేకుండా, మీటర్ 200 డీసీ వోల్టుల మీద పెట్టి, డ్రిల్ వైపు ప్లస్, మైనస్ టెర్మినళ్ల మీద ప్రోబులు పెట్టి ట్రిగ్గర్ నొక్కండి. ఇంకొకరు నొక్కితే మేలు.

20 ఉన్నది 18.5 దాకా దిగి అక్కడే నిలబడి మోటారు తిరిగితే బ్యాటరీ బాగుంది. 20 నుంచి 12, 13కి పడి తర్వాత సున్నా అయితే ప్యాక్ లోపలే సమస్య, బోర్డు కట్ చేస్తోంది. 20 కదలకుండా అలాగే ఉండి మోటారు తిరగకపోతే కరెంటు ముందుకు పోవట్లేదన్నమాట, స్విచ్చో, మోటారు లోపలికి కరెంటు అందించే కార్బన్లో (బ్రష్‌లు) అనుమానించాలి. కాంటాక్టుల మీద అనుమానం పూర్తిగా తీరాలంటే ఒక ప్రోబు ప్యాక్ రేకు మీద, రెండోది దాన్ని తాకే డ్రిల్ రేకు మీద పెట్టి ట్రిగ్గర్ నొక్కండి. 0.1, 0.2 వోల్టులు చూపిస్తే సరే. ఒక వోల్టు చూపించిందంటే ఆ సందులోనే బలమంతా వేడిగా పోతోంది.

పై మూడు ఫలితాల్లో మీకు రెండోదే, అంటే పడిపోయి సున్నా కావడమే వస్తుందని అనుకుంటున్నాను. వస్తే ప్యాక్ విప్పండి.

ప్యాక్ విప్పేటప్పుడు ఉంగరం, కడియం, మెటల్ పట్టీ వాచీ తీసేయండి. సెల్ నేరుగా షార్ట్ అయితే క్షణంలో ఉంగరం ఎర్రగా కాలుతుంది. మంచం మీద, పేపర్ల మీద చేయకండి, టైల్స్ నేల మీదో బయట అరుగు మీదో కూర్చోండి, పక్కన బకెట్‌లో ఇసుక పెట్టుకోండి. మూత తీయగానే నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటి తియ్యటి ఘాటు వాసన వస్తే ఏదో సెల్ కారింది, ఆ ప్యాక్‌ని బాగు చేసే ప్రయత్నం అక్కడితో ఆపండి.

లోపల ఐదు సెల్స్, వాటిని కలిపే తెల్లటి నికెల్ పట్టీలు, ఒక పక్కన బోర్డు కనిపిస్తాయి. బోర్డు మీద బీ మైనస్, బీ1, బీ2, బీ3, బీ4, బీ ప్లస్ అని రాసి ఉంటుంది. ముందు పట్టీలన్నీ గోటితో మెల్లగా కదిలించి చూడండి. డ్రిల్ అదురుకి ఒక స్పాట్ వెల్డు (పట్టీని సెల్‌కి అతికించిన చుక్క) ఊడిపోయి, పైకి తాకుతూ ఉన్నట్టే కనిపించడం అరుదేం కాదు. అది కూడా సరిగ్గా మీ లక్షణాలే ఇస్తుంది.

పట్టీలు గట్టిగా ఉంటే ఒక్కో సెల్ రెండు చివర్లా కొలవండి. 4.05, 4.06, 4.04, 4.05 ఉండి ఐదోది 3.1 ఉంటే దొంగ దొరికాడు. అన్నీ దగ్గరదగ్గరగా ఉంటే సెల్స్‌కి లోడ్ ఇవ్వాలి. దీనికి మోటార్ సైకిల్ హెడ్‌లైటులో వాడే 12 వోల్టుల 55 వాట్ల హెచ్4 బల్బు ఒకటి చాలు. దాని లో బీమ్ పిన్నుకి, కామన్ పిన్నుకి రెండు లావు వైర్లు సోల్డర్ చేసి, వైరు కొసలు ఒక సెల్ రెండు వైపుల పట్టీల మీద నొక్కి పట్టుకోండి. 4 వోల్టుల మీద బల్బు వెలుగు పెద్దగా రాదు, ఫిలమెంట్ ఎర్రగా కనిపిస్తుందంతే. కానీ రెండు, రెండున్నర ఆంపియర్లు లాగుతుంది. పది సెకన్లు ఉంచి, మీటర్ ప్రోబులు వైర్ల మీద కాకుండా సెల్ మీదే పెట్టి చూడండి. ఆరోగ్యంగా ఉన్న సెల్ 4.05 నుంచి 3.95 దాకా దిగుతుంది, అంటే 0.1. రెండు పదోవంతులు దిగితే వయసు మీద పడింది. 0.4 అంతకు మించి దిగితే అయిపోయింది. ఈ పరీక్షలో వేళ్లకి కరెంటు షాక్ ఏమీ రాదు, బల్బు మాత్రం వేడెక్కుతుంది, గాజు పట్టుకోకండి.

ఫలితం బట్టి మూడు దారులు.

లోడ్‌లో అన్ని సెల్సూ బాగున్నాయి, కానీ విశ్రాంతిలో ఒకటి 4.18, మిగతావి 3.65 దగ్గర ఉన్నాయి అనుకోండి. అది చెడిపోవడం కాదు, వరస తప్పింది. చవక బోర్డులు చాలావాటికి సెల్స్‌ని సమం చేసే పని తెలియదు. 4.2 వోల్టుల దగ్గర తనంతట ఆగిపోయే టీపీ4056 అనే చిన్న ఛార్జింగ్ మాడ్యూల్ తెచ్చి, తక్కువగా ఉన్న ఒక్కో సెల్‌నీ విడిగా 4.2 దాకా ఎక్కించండి. ఒక సెల్ అయ్యాకే ఇంకోటి, ఒకేసారి రెండు మాడ్యూళ్లు పెట్టొద్దు. రెండు వారాల తర్వాత మళ్లీ కొలవండి. సమంగా ఉంటే మీ ఖర్చు ఆ మాడ్యూలే. మళ్లీ తేడా వచ్చిందంటే ఏదో సెల్ దానంతటదే కారిపోతోంది, కింది దారి తప్పదు.

లోడ్‌లో ఒకటో రెండో పడిపోతే సెల్స్ మార్చాలి. ఒక్కటే మార్చితే ఖర్చు తగ్గుతుంది కదా అనిపిస్తుంది. మార్చొచ్చు, ఓ ఆర్నెల్లు నడుస్తుంది కూడా. తర్వాత రెండేళ్లు పనిచేసిన పాత నాలుగింటిలో ఇంకొకటి పడుతుంది, మళ్లీ ఇదే విప్పుడు. నా సలహా అయిదూ ఒకేసారి మార్చమని.

ఏ సెల్ అయినా 2 వోల్టుల కిందికి పడి రోజుల తరబడి అలాగే ఉంటే దాన్ని బలవంతంగా ఛార్జ్ చేసి లేపకండి. అంత కిందికి వెళ్లినప్పుడు లోపలి రాగి రేకు కరిగి, ఛార్జింగ్ పెట్టినప్పుడు ఆ రాగి వేరేచోట పేరుకుంటుంది. లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం. పక్క సెల్‌తో వైరు కలిపి 'జంప్' కొట్టి బతికించే వీడియోలు బోలెడు ఉన్నాయి. సెల్ బతికినట్టే కనిపిస్తుంది, ఎప్పుడు అంటుకుంటుందో తెలియదు.

సెల్స్ కొనడంలో జాగ్రత్త గురించి కాస్త పొడుగ్గానే చెప్పాలి, ఎందుకంటే సగం రిపేర్లు ఇక్కడే పాడవుతాయి. డ్రిల్ గట్టి చెక్కలోకి దిగేటప్పుడు 10, 15 ఆంపియర్లు లాగుతుంది. బిట్ పట్టేస్తే అంతకు రెండు మూడింతలు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి తీసిన సెల్స్ నాలుగైదు ఆంపియర్లకే రూపొందినవి. కెపాసిటీ ఎంత ఉన్నా డ్రిల్‌లో వేస్తే మళ్లీ సెకను తిరిగి ఆగిపోతుంది. కావాల్సింది హై డిశ్చార్జ్ సెల్స్, అంటే ఎక్కువ కరెంటు ఇవ్వగలిగేవి. ఉదాహరణకి శాంసంగ్ 25ఆర్ (2,500 ఎంఏహెచ్, 20 ఆంపియర్లు), 15ఎం (1,500 ఎంఏహెచ్, 23 ఆంపియర్లు). మీ ప్యాక్ మీద 1.5 ఏహెచ్ అని ఉన్నా 2.5వి వేయొచ్చు, ఛార్జింగ్‌కి ఎక్కువసేపు పడుతుందంతే.

అంగట్లో 6,800, 9,900 ఎంఏహెచ్ అని రాసిన 18650లు దొరుకుతాయి. ఆ సైజులో 3,500 దాటినవే అరుదు, 9,900 అన్నది పచ్చి అబద్ధం. వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టి చూడండి. అసలు సెల్ 44 నుంచి 48 గ్రాములు తూగుతుంది. ముప్పైల్లో తూగితే లోపల సరుకు సగమే. ఐదూ ఒకే బ్యాచ్‌వి తీసుకోండి, వచ్చాక విశ్రాంతి వోల్టేజీలు కొలిచి, వాటి మధ్య తేడా 0.05 లోపు ఉంటేనే ప్యాక్ కట్టండి. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో సెల్స్, బోర్డులు, పట్టీలు దొరుకుతాయి.

సెల్ మీద నేరుగా సోల్డర్ చేయకండి. సోల్డర్ పట్టాలంటే డబ్బా అంతా వేడెక్కాలి, ఆ వేడికి ప్లస్ వైపు ఉన్న సీలు, లోపలి పొరలు దెబ్బతింటాయి. రెండు మార్గాలున్నాయి. ముందే ట్యాబులు వెల్డ్ చేసి అమ్మే సెల్స్ కొని ట్యాబుకి ట్యాబు సోల్డర్ చేసుకోవడం. లేదా ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలు కట్టే షాపుకి తీసుకెళ్లి స్పాట్ వెల్డింగ్ చేయించడం, ఐదు సెల్స్‌కి పది నిమిషాల పని. పట్టీ 8 ఎంఎం వెడల్పు, 0.15 మందం అయితే డ్రిల్‌కి రెండు వరసలు వేయమనండి. నికెల్ పూత పూసిన ఇనుప పట్టీ అంటగడతారు, అది వేడెక్కుతుంది. అయస్కాంతం పెట్టి చూస్తే తేలదు, నికెల్ కూడా అంటుకుంటుంది. ఒక ముక్కని ఆకురాయితో గీకి, ఉప్పు నీళ్లలో రాత్రంతా ఉంచండి. పొద్దున తుప్పు పడితే ఇనుము.

పాత ప్యాక్ నుంచి బోర్డు తీసేటప్పుడు పట్టీలు ఒక్కొక్కటిగా కత్తిరించండి. కటింగ్ ప్లేయర్ నోరు రెండు పట్టీలనీ ఒకేసారి తాకితే నిప్పులే. కొత్త సెల్స్ ప్లస్ వైపున ఉంగరం ఆకారంలో ఉండే ఇన్సులేషన్ కాగితం అతికించండి. ఆ వైపు అంచు దాకా డబ్బా మొత్తం మైనస్సే, మధ్యలో బొడిపె ఒక్కటే ప్లస్. పైన ఉన్న పల్చటి ప్లాస్టిక్ తొడుగు పట్టీ అంచుకి కోసుకుపోతే షార్టే. అన్నీ కలిశాక, బోర్డుకి కలిపే ముందు, మైనస్ చివర నల్ల ప్రోబు ఉంచి ఒక్కో జాయింటూ కొలవండి. సెల్ 3.7 ఉంటే వరసగా 3.7, 7.4, 11.1, 14.8, 18.5 రావాలి. ఒక్క అంకె తప్పినా ఆగండి, ఏదో సెల్ తలకిందులైంది. వైర్లు ముందు బీ మైనస్, తర్వాత బీ1 నుంచి వరసగా పైకి సోల్డర్ చేయండి. అంతా అయ్యాక బయటి టెర్మినళ్ల మీద సున్నా చూపిస్తే కంగారు పడొద్దు. చాలా బోర్డులు ఒక్కసారి ఛార్జర్ తగిలిస్తేనే నిద్ర లేస్తాయి.

పాత సెల్స్ రెండు చివర్లకీ టేపు చుట్టి ఈ-వేస్ట్ సేకరణ కేంద్రంలో ఇవ్వండి, చెత్తబండిలో వేయకండి. 2022 బ్యాటరీ వేస్ట్ నిబంధనల ప్రకారం వాడేసిన వాటిని సేకరించే బాధ్యత తయారీదారులదే.

ఛార్జర్ సంగతి: ఖాళీగా కొలిస్తే 21 చూపించాలి. 20.2 చూపిస్తే ప్యాక్ ఎప్పటికీ నిండదు. దాన్ని విప్పి బాగు చేయకండి, ప్లగ్ పీకేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన నిలవ ఉండొచ్చు. అదే 21 వోల్టుల లిథియం ఛార్జర్ కొత్తది కొనండి. పిన్ను సరిపోయింది కదా అని 24 వోల్టుల అడాప్టర్ పెట్టొద్దు.

బ్యాటరీ బాగుందని తేలితే అప్పుడు స్విచ్. మీటర్ ప్రోబులు మోటారు రెండు టెర్మినళ్ల మీద పెట్టి ట్రిగ్గర్ మెల్లగా నొక్కుతూ పోండి. అంకె సున్నా నుంచి బ్యాటరీ వోల్టేజీ దాకా నున్నగా ఎక్కాలి. కొంచెం తాకగానే ఒక్కసారి పూర్తి వోల్టేజీ వస్తే స్విచ్ లోపల కరెంటుని అదుపు చేసే మాస్ఫెట్ అనే భాగం షార్ట్ అయింది. సగం దాకా ఏమీ లేక, పూర్తిగా నొక్కినప్పుడే వస్తే స్పీడు కంట్రోల్ భాగం పోయింది. అసలేమీ రాకపోతే కాంటాక్టులు కాలాయి. స్విచ్ విప్పడం వల్ల లాభం లేదు, లోపలి స్ప్రింగులు ఎగిరిపోతాయి, తిరిగి కూర్చోబెట్టడం నరకం. మొత్తం మార్చండి. కొనేటప్పుడు వోల్టులు, ఆంపియర్లతో పాటు (సాధారణంగా 7.2-24 వోల్టులు, 16 ఆంపియర్లు అని ఉంటుంది) మీట ఎత్తు, బ్యాటరీ టెర్మినల్ ప్లాస్టిక్ ఆకారం పాతదాని పక్కన పెట్టి పోల్చండి.

షాపువాళ్లు చెప్పిన మోటారు నిజంగా పోయిందో లేదో తేల్చడానికి ఇందాకటి హెచ్4 బల్బే చాలు. మోటారు వైర్లు ఊడదీసి, బైకు 12 వోల్టుల బ్యాటరీ నుంచి బల్బు మీదుగా మోటారుకి సిరీస్‌లో ఇవ్వండి. మోటారు తిరిగి బల్బు మినుకుమంటే మోటారు బాగుంది. బల్బు పూర్తిగా వెలిగి మోటారు కదలకపోతే లోపల షార్ట్, లేదా గేరు బాక్స్ పట్టేసింది. గేరు బాక్స్ విడదీసి మళ్లీ చూడండి. బల్బు అసలు వెలగకపోతే కార్బన్లు అరిగి తాకట్లేదు. షాఫ్ట్‌ని వేలితో కొంచెం కొంచెం తిప్పుతూ చూడండి, కొన్ని చోట్ల తిరిగి కొన్ని చోట్ల తిరగకపోతే కమ్యుటేటర్ (కార్బన్లు రాసుకునే రేకుల చుట్టు) రేకు ఒకటి తెగింది, మోటారు మార్చాల్సిందే.

కార్బన్లకి బయట స్క్రూ మూతలుంటే అదృష్టం, 5 ఎంఎం కంటే పొట్టివైతే కొత్తవి వేయండి. ఈ ధరలో వచ్చే 550 సైజు మోటార్లకి చాలావరకు వెనక మూత నొక్కి మూసేసి ఉంటుంది. రేకు చెవులు లేపి తీయొచ్చు కానీ, కార్బన్లు వెనక్కి పట్టి మూత తిరిగి ఎక్కించడం తంటా. కొత్త మోటారు కొనేటప్పుడు పినియన్ (షాఫ్ట్ కొసన ఉండే చిన్న గేరు) పళ్లు లెక్కపెట్టండి. 550 అంతా ఒకటే అని తెచ్చుకుంటే పన్నెండు పళ్ల చోట పదిహేను పళ్లది వచ్చి గేరులో దూరదు. స్క్రూ రంధ్రాల దూరం, షాఫ్ట్ పొడవు కూడా సరిచూడండి. మీ డ్రిల్ మీద బ్రష్‌లెస్ అని ఉంటే పైన చెప్పిన స్విచ్ కొలత, మోటారు బల్బు పరీక్ష, ఈ పేరా అన్నీ వదిలేయండి. దానికి మోటారుకి మూడు లావు వైర్లు ఉంటాయి, కార్బన్లు ఉండవు, పోయేది ఎక్కువగా బోర్డు.

మోటారు తిరుగుతోంది, చక్ మాత్రం కటకటమంటూ జారుతోంది అంటే చక్ వెనక అంకెలుండే క్లచ్ రింగు అంకె దగ్గర ఉందా, డ్రిల్ గుర్తు దగ్గర ఉందా చూడండి. గుర్తు దగ్గరే ఉండి జారితే గేరు బాక్స్ విప్పాలి. పెద్ద స్టీలు పళ్లెంలో పెట్టి విప్పండి, క్లచ్ స్ప్రింగు వెనక చిన్న ఉక్కు గోళీలు దొర్లిపోతాయి. చవక వాటిలో మొదటి దశ గేర్లు ప్లాస్టిక్‌వి, పళ్లు అరిగితే తెల్లటి పొడి గ్రీజులో కనిపిస్తుంది. పాత గ్రీజు కిరోసిన్‌తో కడిగి లిథియం గ్రీజు పళ్ల మీద పల్చగా పూయండి. గేరు బాక్స్ నింపేస్తే బరువెక్కి, వేడికి కరిగి మోటారులోకి దిగుతుంది. కొబ్బరి నూనె, కుట్టు మిషన్ నూనె పనికిరావు.

చక్ బిట్‌ని పట్టుకోకపోతే దాన్ని మార్చడానికి ప్యాక్ తీసేసి, దవడలు పూర్తిగా తెరవండి. లోపల అడుగున ఒక స్క్రూ ఉంటుంది. దాని మర ఎడమవైపుది, అంటే విప్పడానికి గడియారం ముల్లు దిశలో తిప్పాలి. మామూలు స్క్రూ అనుకుని ముల్లుకి ఎదురు దిశలో తిప్పి తల కొట్టేసుకునేవాళ్లే ఎక్కువ. స్క్రూ తీశాక 10 ఎంఎం ఎల్ ఆకారపు ఆలెన్ కీ పొట్టి వైపుని చక్‌లో బిగించి, గేరు 1లో పెట్టి, పొడవు వైపు మీద రబ్బరు సుత్తితో ముల్లుకి ఎదురు దిశలో ఒక్క గట్టి దెబ్బ వేయండి. మెల్లగా నాలుగు వేస్తే గేర్లు నలుగుతాయి, చక్ కదలదు. రాకపోతే హెయిర్ డ్రయర్‌తో రెండు నిమిషాలు వేడి చేయండి, లోపలి లాక్ జిగురు మెత్తబడుతుంది. కొత్త చక్ కొనేటప్పుడు పాతది తీసుకెళ్లండి, మరలు రెండు రకాలు వాడుకలో ఉన్నాయి. 10 ఎంఎం చక్‌కి సాధారణంగా మూడు బై ఎనిమిది అంగుళం, 13 ఎంఎం చక్‌కి అర అంగుళం.

కొత్త సెల్స్ వేశాక అవి మళ్లీ రెండేళ్లకే పోకుండా ఉండాలంటే: పిల్లర్, బీమ్, స్లాబు లాంటి ఆర్‌సీసీలో ఈ డ్రిల్‌తో నొక్కి పెట్టి నిలబడకండి. దానికి రోటరీ హ్యామర్ కావాలి. ఇటుక గోడలో 6 ఎంఎం ప్లగ్గు రంధ్రాలకి ఇది చాలు. పని అవగానే వేడిగా ఉన్న ప్యాక్‌ని ఛార్జర్‌కి తగిలించకండి, అరగంట ఆగండి. లిథియం సెల్స్ ఛార్జింగ్‌కి 45 డిగ్రీలు పై హద్దు. మే నెలలో రామగుండం, కొత్తగూడెం ఎండకి స్కూటర్ డిక్కీలో ప్యాక్ వదిలేస్తే ఛార్జింగ్ పెట్టకుండానే ఆ హద్దు దాటేస్తుంది. నెలల తరబడి వాడనప్పుడు సగం ఛార్జ్‌తో ఇంట్లో చల్లటి చోట ఉంచండి.

బాడీ మూసేటప్పుడు గేరు మార్చే మీట కింద ఉన్న వంపు తీగ గేరు బాక్స్ రింగు గాడిలో కూర్చుందో లేదో చూడండి. కూర్చోకపోతే మీట జరుగుతుంది, గేరు మారదు. ఎల్‌ఈడీ వైరు దాని గాడిలోకి పోయాక రెండు సగాలూ చేత్తో నొక్కితే సందు లేకుండా కలవాలి. సందు కనిపిస్తే స్క్రూ బిగించి కలపకండి, ఏ వైరో మధ్యలో నలుగుతోంది. స్క్రూని ముందు వెనక్కి అర చుట్టు తిప్పి 'టక్' మని పాత మరలో పడ్డాక బిగించండి, లేకపోతే ప్లాస్టిక్‌లో కొత్త మర కోసుకుని మూడోసారికి వదులైపోతుంది. ప్యాక్ పెట్టి, బిట్ లేకుండా నిమిషం తిప్పి, ప్యాక్ మీద చెయ్యి పెట్టి చూడండి. లోడ్ లేకుండా నిమిషానికే వెచ్చబడితే ఏదో వెల్డు సరిగా పడలేదు.